పసుపు కార్డుకు ప్లాస్టిక్ తొడుగు

మా ఇంట్లో లామినేషన్ కానివి రెండే రెండు. ఒకటి నేను, రెండోది మా ఆవిడ. మిగతావన్నీ ప్లాస్టిక్ తొడుక్కునే ఉంటాయి. పదో తరగతి మెమో, రేషన్ కార్డు, మా పెళ్ళిపత్రిక, గ్యాసు పుస్తకం మొదటి పేజీ, కుక్కకు వేయించిన రేబిస్ టీకా చీటీ. కుక్క పోయి ఆరేళ్ళయింది. చీటీ మాత్రం నిన్న అచ్చేసినట్టు మెరుస్తోంది.

ఈ జబ్బు నాకు ఊరికే రాలేదు. మా నాయిన ఒకసారి భూమి పాసుబుక్కు చొక్కా జేబులో పెట్టుకుని మేడ్చల్ ఆఫీసుకు పోతుంటే దారిలో వాన పట్టింది. ఆ వానను నేను వర్ణించేటప్పుడు శామీర్‌పేట చెరువు లేచి నిలబడి రోడ్డు మీద నడిచొచ్చిందని చెబుతాను. నిజానికి మామూలు వానే. ఆ మామూలు వానకే సర్వే నంబరులో ఒక అంకె కొట్టుకుపోయింది. అది మూడా, ఎనిమిదా తేల్చుకోవడానికి మా నాయిన ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన దూరంతో కాలినడకన కాశీకి పోయి రావచ్చు. తేలలేదు. తేలకుండానే పోయాడు. నాకు కాలేజీలో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు, జీతం చేతికి రాకముందే ఆర్డరు కాగితానికి లామినేషన్ చేయించాను. అప్పటినుంచీ మంచి కాగితం కనబడితే చాలు, నా నెత్తిన మబ్బు పడుతుంది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పనికి ఒక కారణముందని ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి. మా అత్తగారు వినరు. మీరైనా వింటారని.

మా బామ్మర్దిది అత్వెల్లి. బోరు బండి మీద డ్రిల్లర్. ఇరవై ఏళ్ళలో మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య అతను వేసిన చిల్లులకు ఈపాటికి భూమి జల్లెడై కిందికి కారిపోవలసింది. ఎందుకో ఆగింది. ఈమధ్య వెయ్యడుగులు దిగినా దుమ్మే లేస్తోంది. బండి నెలలో సగం రోజులు షెడ్డులోనే నిలబడుతోంది. అప్పుడు వాళ్ళ ఓనరు పిలిచి, ఉగాండాలో తెలిసినవాళ్ళ కంపెనీకి ఒక డ్రిల్లర్ కావాలన్నాడు. ఒక్కడే. రెండేళ్ళ పని. మొదటి పేరు మా బామ్మర్దిది. అతనికి ఏ కారణంగానైనా కుదరకపోతే పంపడానికి రెండో పేరు కూడా రాసుకున్నారు. ఆ రెండో డ్రిల్లర్ మచ్చ బొల్లారంలో ఉంటాడు.

"రెండేండ్లు జేస్తే సొంత బండి గొంట బావా. పాతదైనా సరే, నాది. ఇంకొకని బండి మీద దుమ్ము మింగి మింగి చాలైంది. నాకు నలభై దాటినయ్. గిదే ఆఖరి బస్సు" అన్నాడు.

"బస్సు కాదోయ్, విమానం" అన్నాను. ఏదో ఒక చతురు విసరకుండా ఉండలేను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

మా రెండు కుటుంబాల్లో ఇంగ్లీషు ఫారాలు నింపేది నేనే. కాబట్టి కాగితాల బాధ్యత నాకు వచ్చింది. వచ్చింది అనడం తప్పు, లాక్కున్నాను. ఆ దేశంలో అడుగు పెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. టీకా వేసినవాళ్ళు ఒక పసుపురంగు కార్డు ఇస్తారు. టీకా పడిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. అది లేకపోతే ఇక్కడ విమానం ఎక్కనివ్వరు, ఎక్కినా అక్కడ దిగనివ్వరు. ఈ సంగతి అత్వెల్లిలో వాకిట్లో కూర్చుని వివరించాను. మా అత్తగారు చాటలో బియ్యం ఏరుతూ విన్నది.

"పసుపు జరమంటే కామెర్లేగా అల్లుడా. దానికి సూదెందుకు? పసరు పోపిస్త, మూడు పొద్దులు పత్తెముంటే సాలు."

"కామెర్లు కాదత్తా. అక్కడి దోమ కుడితే వచ్చే జ్వరం."

"ఆడి దోమలకు ఈడి మనిషి కనవడంగనే ఎరుకైతడా?"

"కొత్త నెత్తురు గదా అమ్మా, బిర్యానీ లెక్క వాసన గొడుతది" అన్నాడు బామ్మర్ది. అందరం నవ్వాం. ఆ వాకిట్లో మేమంతా కలిసి నవ్వింది అదే చివరిసారి. ఇందులో అతిశయోక్తి లేదు.

టీకా వేసేచోటు నగరంలో ఉంది. పొద్దున్నే పోయాం. అప్పటికే బెంచీ మీద ఎనిమిదిమంది ఉన్నారు. మా వాడితో తొమ్మిది. సిస్టర్ మమ్మల్ని లెక్కపెట్టి పెదవి విరిచింది. ఒక సీసా పదిమందికి సరిపోతుందట. ఒకసారి తెరిస్తే కొద్ది గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాలి. పదోమనిషి వస్తే ఇవాళే వేస్తాం, రాకపోతే వచ్చేవారం రమ్మంది. వచ్చేవారమంటే పది రోజుల గడువు విమానం రోజును దాటిపోతుంది.

పెళ్ళిపందిట్లో ఖాళీగా మిగిలిన విస్తరికి మనిషిని వెతికినట్టు పదోమనిషి కోసం వెతికాను. ముందు వాచ్‌మన్‌ను అడిగాను. టీ అమ్మేవాణ్ణి అడిగాను. "నాకేం పనన్నా ఆఫ్రికాల?" అన్నాడు. ఇంక ఎవరూ దొరక్క, నా బుర్ర అనబడే పుచ్చకాయలో ఒక మెరుపు మెరిసింది.

"మీ మచ్చ బొల్లారపాయన ఎలాగూ రెండో పేరే గదా. ఎప్పుడో ఒకప్పుడు వేయించుకోవాలి. పిలువు."

బామ్మర్ది ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత ఫోను తీశాడు. "అన్నా, జల్దీ రా. నువ్వస్తెనే నాకు సూది పడతది. పాస్‌పోర్టు మర్వకు" అన్నాడు.

ఆయన ముప్పావు గంటలో బైకు మీద వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే "యాడ, యాడ?" అంటూ లోపలికొచ్చాడు. సిస్టర్ మొహం విప్పారింది. పదిమందికీ వరసగా చీటీలు రాశారు.

డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు అడిగింది. మా వాడి వంతు రాగానే, "గుడ్డు తింటారా?" అంది.

"శనివారం తినను మేడం."

"అది కాదండీ. గుడ్డు తింటే ఒళ్ళు దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం లాంటిదేమైనా ఉందా అని. ఈ టీకా మందు గుడ్డులో తయారవుతుంది."

"గుడ్డులనా? గయితే ఇయ్యాల శనివారం గాదు గదా, ఏసేయుండ్రి."

ఆమె నవ్వాపుకుని జాగ్రత్తలు చెప్పింది. దోమతెర కట్టుకోవాలి. మలేరియా మాత్రలు పోయే ముందునుంచే మొదలుపెట్టాలి, వచ్చాక కూడా చెప్పినన్ని రోజులూ మింగాలి. అక్కడి చెరువుల్లో దిగి ఈదకూడదు, చర్మంలోంచి దూరే పురుగులుంటాయి. సీలు వేసిన సీసా నీళ్ళు, లేదంటే మరిగించిన నీళ్ళు తప్ప తాగకూడదు.

"మేడం, నేను పోయేదే నీళ్ళు దీసెతందుకు."

"మీరు తీసిన నీళ్ళైనా సరే, మరిగించుకునే తాగాలి."

ఇరవై ఏళ్ళుగా బోరులో మొదటి ధార పడగానే దోసిలి పట్టి తాగి, రైతుకు "తియ్యగున్నయ్" అని చెప్పే మనిషి అతను. ఆ మాట విని, దేవుడి ముందు అబద్ధం చెప్పమన్నట్టు ముఖం పెట్టాడు. అయినా తలూపాడు. సొంత బండి కోసం అతను మరిగించిన నీళ్ళేం ఖర్మ, మరిగించిన డీజిలైనా తాగేవాడు.

సూది పడింది. అరగంట కూర్చోబెట్టారు. మధ్యలో పిన్ను కొట్టిన మడత కార్డులు తెచ్చి ఇచ్చారు. అచ్చం పసుపు కాదు, వారం రోజులు మాగిన అరటిపండు రంగు. పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, డాక్టరు సంతకం, గుండ్రటి ముద్ర.

"ఇక్కడ మీ సంతకం పెట్టండి" అని సిస్టర్ ఖాళీగా ఉన్న గీత చూపించింది.

మచ్చ బొల్లారపాయన ఆమె చేతిలోని పెన్ను లాక్కుని, కార్డు మోకాలి మీద పెట్టుకుని, ఎటో చూస్తూ గీకేశాడు. అది సంతకమో, తేలు పాకిన గుర్తో చెప్పలేం. కార్డును రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కాడు. "వస్తనన్నా, బండి రోడ్డు మీదున్నది" అని పోయాడు.

మా వాడు పెన్ను అందుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు. పాస్‌పోర్టులో పెట్టినట్టే పెట్టాలి. తేడా వస్తే అక్కడ వెనక్కి తిప్పేస్తారు."

పాస్‌పోర్టులో అతని సంతకం ఒక శిల్పం. తెలుగులో పూర్తి పేరు, చివరి అక్షరం తోక బోరు పైపులాగా కిందికి దిగి డబ్బా గీతకు గుద్దుకుంటుంది. ఆ తోక మళ్ళీ అలాగే రావాలంటే సాధన కావాలని నాకు తోచింది.

"ఇంట్లో తెల్లకాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకుని, అప్పుడు పెడుదువు."

"ఇప్పుడే పెట్టేస్తే అయిపోతది కదండీ" అంది సిస్టర్.

"మేం చూసుకుంటాం సిస్టర్" అన్నాను. గుమాస్తాగా ఇరవై రెండేళ్ళ అనుభవం ఆ ఒక్క మాటలో పలికింది.

మేడ్చల్ దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. స్కూటరు నేను నడుపుతున్నాను, కార్డు అతని చొక్కాలో ఉంది. నాకు రోడ్డు కనబడటం మానేసి మా నాయిన పాసుబుక్కు కనబడింది. మూడా, ఎనిమిదా? కళ్ళెదుట కనబడిన జిరాక్సు షాపు ముందు స్కూటరాపి, కార్డు లాక్కుని లోపలికి దూకాను.

షాపువాడు నాకు పాత మిత్రుడు. మా ఇంటి ప్లాస్టిక్‌తోనే అతను డాబా వేశాడని నా లెక్క.

"లోపలి రెండు దిక్కులూ కనబడాలి. పిన్ను తీసి, పరిచి వెయ్యి. మందంగా ఉండాలి."

"ఏనుగు తొక్కినా ఏంగాదు సార్. గిది ఇంకా మన మన్మల కాలందాకా ఉంటది."

మిషను వేడెక్కింది. కార్డు ఒక వైపు నుంచి పోయి, రెండో వైపు అద్దంలా వచ్చింది. వెచ్చగా ఉంది. బయట వాన పెరిగింది. బామ్మర్ది గొడుగులాంటి నా తెలివికి మురిసి, "నువ్వు లేకుంటే నేను మస్తు పరేషానయ్యేటోన్ని బావా" అన్నాడు. కార్డు మీద సంతకం ఇంకా పెట్టలేదన్న మాట ఆ వానలో అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంటికి పోయి అతను తెల్లకాగితం మీద నాలుగుసార్లు సంతకం చేశాడు కూడా. నాలుగోసారి తోక అద్భుతంగా వచ్చింది. నేను భేష్ అన్నాను, సంతకం పనైపోయినట్టే ఆ కాగితం మడిచి లోపల పెట్టాను. దాన్ని పెట్టవలసిన గీత ప్లాస్టిక్ కింద ఖాళీగా పడుకుని మా మాటలు వింటోంది.

ఆ పది రోజులు మా అత్తగారు అతన్ని అమ్మవారు పోసిన పిల్లాడిలా చూసుకుంది. గుమ్మానికి వేపమండ కట్టింది. నూనె వద్దు, వంకాయ వద్దు, నీసు వద్దు. బామ్మర్ది పెళ్ళాంది శామీర్‌పేట. ఆమె తండ్రి చెరువులో వల వేసే మనిషి. అల్లుడు పోతున్నాడని ఒక బొచ్చె చేపను తెచ్చాడు. దాన్ని బైకు వెనక సీటు మీద కూర్చోబెట్టి తెచ్చాడనీ, దారిలో పోలీసులు దానికీ హెల్మెట్ అడిగారనీ నేను కాలేజీలో చెప్పుకున్నాను. మా అత్తగారు ఆ చేపను గడప దాటనివ్వలేదు. "సూది మీద నీసేంది?" అంది. వియ్యంకుడు చేపను మళ్ళీ బైకెక్కించుకుని పోయాడు. డాక్టరమ్మ అలాంటి పథ్యమేమీ చెప్పలేదని నేను నోరు విప్పలేదు. అత్తగారి మీద పెత్తనం నా లామినేషన్ శక్తికి మించినది.

విమానం పగలు పన్నెండింటికి. జీపులో పదకొండుమందిమి పోయాం. అతన్ని లోపలికి పంపి, బయట అద్దాల దగ్గర చేతులూపుతూ నిలబడ్డాం. పది నిమిషాలకు అతను క్యూ వదిలి తలుపు దగ్గరికి తిరిగొచ్చాడు. చేతిలో కార్డు ఉంది. అక్కడి జవానుతో ఏదో చెప్పుకుని బయటికి వచ్చాడు.

"బావా, సంతకం లేదంటాంది కౌంటర్ కాడి పిల్ల. సంతకం లేకుంటే గిది చెల్లదంట. ఆడిదాంక పోయినంక ఆపి పంపిస్తరంట."

నాకు చెవుల్లో బోరు బండి మోగింది. ఆ గీత వైపు చూశాను. ఎంత శుభ్రంగా ఉందో.

"పెన్నుతో పెట్టు."

"పెట్టిన. జారుతాంది. ప్లాస్టిక్ మీద పెడితే లెక్కల రాదంట. ముప్పావు గంటల కౌంటర్ బంద్ జేస్తరంట."

అప్పుడు నేను రెండో ఘనకార్యం చేశాను. కార్డు లాక్కుని, ఇంటి తాళంచెవితో అంచు చీల్చి, ప్లాస్టిక్‌ను రెండు చేతులా పట్టి లాగాను. చేప పొట్ట చీరినట్టు తెరుచుకుంది. కాగితం కూడా రెండు పొరలై తెరుచుకుంది. గుండ్రటి ముద్ర సగం ఈ వైపు, సగం ఆ వైపు. డాక్టరు సంతకం ఎటూ కాకుండా పోయింది. ప్లాస్టిక్ మాత్రం చెక్కు చెదరలేదు. షాపువాడు అబద్ధం చెప్పలేదు, ఏనుగు తొక్కినా దానికేమీ కాదు. నేను ఏనుగును కాను. అంతకంటే పెద్ద జంతువును.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. బామ్మర్ది రెండు ముక్కలూ తీసుకుని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. కిందికి పోయే పైపు ఎక్కడ ఇరుక్కుందో చూసేవాడి చూపు అది. తర్వాత జేబులో పెట్టుకున్నాడు. అతని పెళ్ళాం అప్పటిదాకా నన్ను నోరారా "అన్నా" అని పిలిచేది. "నువ్వు సదువుకున్నోనివి గదన్నా" అంది. అంతే. ఆ రోజునుంచీ నేను ఆమెకు "సార్"ను. "సార్‌కు సాయ పోసిస్త." "సార్ వచ్చిండు." కళ్ళు కిందికి దించి, మర్యాదగా. ఆ మర్యాద కంటే చెంపదెబ్బ మెత్తన.

జీపులో అత్వెల్లి దాకా మా అత్తగారొక్కతే మాట్లాడింది. "పసరు పోపిస్తనంటి. కాయితాలు లేని మందు. నా మాట ఇంటిరా?" అంటూనే ఉంది.

కార్డుకు నకలు ఇస్తారు. దానికి దరఖాస్తు, దానికో జత కాగితాలు, రిజిస్టరులో పేరు వెతకడం, పెద్దసారు ముద్ర. నేనే తిరిగాను. మా నాయిన నడక నాకు వచ్చిందని తిరిగే కొద్దీ తెలిసింది. కంపెనీ ఆగలేదు. అక్కడ బండి ఖాళీగా నిలబడిందట. మేము తిరిగొచ్చిన నాలుగో రోజునే మచ్చ బొల్లారపాయన ఎగిరిపోయాడు. టీకా ఎప్పుడో పడింది, పది రోజులు ఎప్పుడో దాటాయి, ఆ ఏర్పాటు చేసింది నేనే కదా. పోయేముందు అత్వెల్లికి వచ్చి బామ్మర్ది చేతులు పట్టుకుని ఏడ్చాడు. మంచి మనిషి. ఆయన కార్డు అడిగి చూశాను. వానకు తడిసి, ఆరి, అప్పడంలా వంకర తిరిగింది. మూలన సాంబారు మరక. మధ్యలో తేలు పాకిన సంతకం. ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని ఆపలేదు.

మా వాడి నకలు కార్డు ఆ తర్వాత మూడు వారాలకు వచ్చింది. సిస్టర్ పెన్ను ఇచ్చి, నావైపు చూడకుండా అతనివైపే చూసి, "ఇప్పుడే పెట్టండి" అంది. పెట్టాడు. తోక సరిగ్గా రాలేదు. ఆ టీకా బతికినంతకాలం పనిచేస్తుందట. మేడ్చల్ మండలం మొత్తం మీద, ఇటు దిక్కెన్నడూ రాని జ్వరం నుంచి చచ్చేదాకా రక్షణ ఉన్న మనిషి మా బామ్మర్ది ఒక్కడే.

ఇప్పుడు అతను బోర్లు వెయ్యడం లేదు. వాళ్ళ ఓనరు బండి అమ్మేశాడు. ఎవరెవరో వేసిన బోర్లలోంచి కాలిపోయిన మోటార్లు పైకి లాగే పని చేస్తున్నాడు. శామీర్‌పేట వైపు తోటల్లో రోజూ ఏదో ఒక మోటారు కాలుతూనే ఉంటుంది. ఎండాకాలం చివర మా ఇంటిదీ కాలింది. వేరేవాళ్ళను పిలుద్దామనుకున్నాను. మా ఆవిడ "నా తమ్ముడుండంగ వేరేటోళ్ళేంది?" అని తనే ఫోను చేసింది.

వచ్చాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పైపులు లాగాడు, కొత్త మోటారు దించాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఏవేవో చతుర్లు వేశాను. "ఊఁ" అన్నాడు, "గంతే" అన్నాడు. నీళ్ళు పైకి రాగానే అలవాటుగా దోసిలి పట్టి తాగాడు. తీపో ఉప్పో చెప్పలేదు.

చేతులు తుడుచుకుని, జేబులోంచి మోటారు గ్యారంటీ కార్డు తీసి ప్రహరీ గోడ మీద పెట్టాడు. పైన మబ్బు పట్టింది. ఒక చినుకు కార్డు మూల మీద పడింది. నా చెయ్యి దానంతట అదే దాన్ని దాచడానికి పోయింది. అతను ఆ చేతిని పట్టుకుని, అందులో పెన్ను పెట్టాడు.

"ముందుగాల సంతకం బెట్టు బావా."

"తడుస్తోంది..."

"తడువనియ్. ముందు సంతకం."

పెట్టాను. ఇంకో రెండు చినుకులు పడ్డాయి. నా పేరులో ఒక అక్షరం అలుక్కుపోయింది. అతను కార్డును మా ఆవిడ చేతికిచ్చి, పైపు పానా భుజాన వేసుకుని, వాన పెరగకముందే పోయాడు.